ఫోన్ ఆపి పడవెక్కొచ్చా?

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. రెండు మూడు కంపెనీలకు దరఖాస్తు పెట్టారు. ఒక సర్కారు కొలువుకు పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నారు. ఇంతలో రూమ్మేట్లు ‘సాగర్ నుంచి శ్రీశైలం లాంచీలో పోయొద్దాం, వస్తావా?’ అని అడిగారు. మీ నోట ముందుగా వచ్చే ప్రశ్న ఏంటి? ‘మనిషికి ఎంతవుతుంది?’ అన్నది రెండోది. మొదటిది ‘అక్కడ సిగ్నల్ ఉంటుందా?’

ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు ఈ భయం సహజం. ఇంటర్వ్యూ కాల్ ఆ రోజే వస్తే? టెస్ట్ లింకు ఆ గంటలోనే పంపితే? ఈ భయంతోనే కొందరు ట్రిప్పు మానుకుంటారు. కొందరు వెళ్తారు గానీ, కొండల మధ్య ఫోన్ పైకెత్తి సిగ్నల్ గీతల కోసం వెతుకుతూ రోజంతా గడిపేస్తారు. ఇంకొందరు ‘ఏదైతే అదయింది’ అని స్విచాఫ్ చేసి, తిరిగొచ్చాక తల పట్టుకుంటారు. ఈ మూడూ అక్కర్లేదు. ఫోన్ ఆపొచ్చు. కాకపోతే ఆపే ముందు ఓ అరగంట పని ఉంది. ఆ అరగంటలో చేయాల్సిందేంటో చూద్దాం.

మన వీధి నుంచే దారి

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద నిలబడ్డారంటే సాగర్ దారిలో ఉన్నట్టే. కర్మన్‌ఘాట్, సాగర్ రింగ్ రోడ్డు, బి.ఎన్.రెడ్డి నగర్ దాటి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా వెళ్తే సుమారు 150 కిలోమీటర్లు. జలాశయంలో నీళ్లు నిండుగా ఉన్న సీజన్లో తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ అక్కడి నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతుంది. కృష్ణ మీద వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పగటిపూట చాలా భాగం నీళ్ల మీదే గడుస్తుంది. రెండు గట్ల మీదా నల్లమల కొండలు, పులుల అభయారణ్యం. లింగాలగట్టు దగ్గర దిగేదాకా చాలాచోట్ల ఫోన్ పలకదు. గోదావరి మీద పాపికొండల మధ్య కూడా ఇదే పరిస్థితి.

సముద్రం సంగతి వేరు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థకు చెందిన ‘ఎంప్రెస్’ నౌక విశాఖకు వచ్చినప్పుడు మన దగ్గరా క్రూయిజ్ గురించి గట్టిగా మాట్లాడుకున్నారు. ఒకప్పుడు ఓడెక్కితే లోకంతో సంబంధం తెగినట్టే. ఇప్పుడలా కాదు. ఓడలో వైఫై ప్యాకేజీలు అమ్ముతారు. అంతర్జాతీయ సంస్థ రాయల్ కరీబియన్ తన నౌకలన్నింటికీ స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ పెడతామని అదే ఏడాది ప్రకటించింది. డబ్బు కడితే నడి సముద్రంలో వీడియో కాల్ కూడా మాట్లాడుకోవచ్చు.

అంటే నదిలో నెట్ దానంతటదే పోతుంది. ఓడలో ఉంచుకోవాలో వద్దో మీరే తేల్చుకోవాలి. ఎక్కడికెళ్లినా ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే. ఈ రెండు మూడు రోజుల్లో నా కోసం నిజంగా ఏం రావచ్చు?

నాలుగు రకాల కబుర్లు

ఉద్యోగార్థి ఫోన్‌కి వచ్చేవాటిని అవి ఎంతసేపు ఆగగలవన్న లెక్కతో నాలుగు కుప్పలు పోయండి.

నిమిషాలు కూడా ఆగనివి: ఓటీపీలు, ఫలానా టైముకి అని ముందే చెప్పిన ఫోన్ ఇంటర్వ్యూ, ఆన్‌లైన్ టెస్ట్. వీటి తేదీ, సమయం చాలావరకు మీకు ముందే తెలుస్తాయి. ఓటీపీ అయితే మీరు ఏదో ఒక ఫారం నింపుతున్నప్పుడే వస్తుంది. అడగకుండా వచ్చిందంటే అది మోసం కావచ్చు.

ఒకటి రెండు రోజులు ఆగేవి: అసెస్‌మెంట్ లింకు, ఇంటర్వ్యూ స్లాట్ ఖరారు చేయమనే మెయిల్, ప్లేస్‌మెంట్ సెల్ పంపే గూగుల్ ఫారం, ఆఫర్ లెటర్‌కు ఒప్పుకోలు. అసలు జాగ్రత్త పడాల్సింది ఈ కుప్ప విషయంలోనే.

వారం, ఆపైన ఆగేవి: కొత్త నోటిఫికేషన్లు, హాల్‌టికెట్లు, ఫలితాలు. ఇవి అధికారిక వెబ్‌సైట్లో ఉంటాయి, ఎక్కడికీ పోవు. ప్రాథమిక కీ మీద అభ్యంతరాలకు, ధ్రువపత్రాల పరిశీలనకు గడువు తక్కువ ఉండొచ్చు. కాబట్టి ఆ దశలో ఉన్నవాళ్లు వీటిని రెండో కుప్పలో వేసుకోవాలి.

ఎప్పటికైనా ఆగేవి: ‘ఈరోజు సాయంత్రం రిజల్ట్స్ అంట బ్రో’, ‘కటాఫ్ ఇంతే, కన్ఫర్మ్’, ఎవరో ఎడిట్ చేసిన వెబ్‌నోట్ ఫొటో, టెలిగ్రామ్ గ్రూపుల్లో వాదనలు. ఇవి చూడకపోతే పోయేదేమీ లేదు.

ఇప్పుడు నిన్న మీరు ఫోన్ తీసిన ప్రతిసారీ ఏ కుప్ప కోసం తీశారో గుర్తు తెచ్చుకోండి. రెండో కుప్పలోది ఏదైనా వచ్చిందేమోనన్న భయంతో తీస్తాం. చూస్తూ కూర్చునేది నాలుగో కుప్పని. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మెయిల్ చూద్దామని ఫోన్ తీస్తే, అమీర్‌పేటలో దిగేదాకా రీల్సే నడుస్తుంటాయి. మెయిల్‌కి పట్టింది అర నిమిషం.

వెళ్లాలా, ఆగాలా?

రెండు సందర్భాలు అనుకుందాం. బీటెక్ ఫైనలియర్ విద్యార్థి ఒకరు ఓ కంపెనీలో రెండు రౌండ్లు దాటారు. ‘హెచ్‌ఆర్ రౌండ్ ఈ వారంలో ఉంటుంది, తేదీ చెబుతాం’ అని మెయిల్ వచ్చింది. ఈ విద్యార్థి ఈ వారం సిగ్నల్ లేని చోటికి వెళ్లకూడదు. రెండు రోజుల శ్రీశైలం ట్రిప్పు వచ్చే వారానికి మార్చుకోవాలి. మనసు అలిసిపోయిందా? ఆదివారం పొద్దున సిగ్నల్ అందే చోటికి, నాలుగు గంటల్లో తిరిగి రాగలిగే చోటికి వెళ్లొస్తే చాలు.

రెండో వ్యక్తి గ్రూప్స్ అభ్యర్థి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుని పరీక్ష రాశారు. ఫలితాలు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. మూడు నెలలుగా రోజుకు ముప్పై సార్లు గ్రూపులు తిరగేస్తున్నారు. ఈ మనిషి రెండు రోజులు ఫోన్ ఆపి వెళ్లొస్తే నష్టం ఏమీ లేదు. ఫలితం ఆ రోజే వచ్చినా, తర్వాతి రోజు చూసినా మార్కులు మారవు.

తేడా గమనించారుగా. మొదటివారి చేతిలో ఒక పని నడుస్తోంది. రెండోవారి చేతిలో ఉన్నది ఎదురుచూపు. పని నడుస్తుంటే అందుబాటులో ఉండాలి. ఎదురుచూపుకి ఫోన్ కాపలా అక్కర్లేదు. మీరు ఈ ఇద్దరిలో ఎవరో తేల్చుకుంటే సగం ప్రశ్న తీరిపోతుంది.

ఆపితే ఒరిగేదేంటి?

‘రెండు రోజులు నెట్ లేకపోతే ఏమొస్తుందిలే’ అనుకోవద్దు. దీని మీద పరిశోధనలు జరిగాయి. 2017లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో అడ్రియన్ వార్డ్ బృందం దాదాపు 800 మందితో ప్రయోగాలు చేసింది. ఫోన్‌ని వేరే గదిలో పెట్టి పరీక్ష రాసినవాళ్లు, బల్లమీద బోర్లించి పెట్టుకున్నవాళ్ల కంటే మెరుగ్గా చేశారు. ఫోన్ మోగకపోయినా ఈ తేడా కనిపించింది. తర్వాత ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లందరికీ ఇదే ఫలితం రాలేదు. కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు.

మనకు ఎక్కువ పనికొచ్చేది 2025లో ‘పీఎన్ఏఎస్ నెక్సస్’ పత్రికలో వచ్చిన అధ్యయనం. ఇందులో 467 మంది పాల్గొన్నారు. రెండు వారాలపాటు వాళ్ల ఫోన్లలో ఇంటర్నెట్ మాత్రమే ఆపారు. మామూలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు వస్తూనే ఉన్నాయి. కంప్యూటర్లో నెట్ వాడుకోవచ్చు. చాలామందిలో ఏకాగ్రత, మానసిక స్థితి మెరుగయ్యాయి. నియమాన్ని రెండు వారాలూ పూర్తిగా పాటించినవాళ్లు తక్కువే. అది అంత తేలిక కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇందులో ఉద్యోగార్థికి పనికొచ్చే సూత్రం ఉంది. ఫోన్‌ని మొత్తంగా ఆపక్కర్లేదు. మొబైల్ డేటా ఆపి, కాల్స్ ఉంచుకోవచ్చు. హెచ్‌ఆర్ నుంచి నిజంగా అత్యవసరమైతే ఫోన్ వస్తుంది. మెయిల్‌ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే సరిపోతుంది. సిగ్నల్ అందే చోట ఈ పద్ధతి, అందని చోట పూర్తి సెలవు.

బయల్దేరే ముందు అరగంట

ముందురోజు రాత్రి, బ్యాగు సర్దుకునే ముందు, ఈ పనులు చేయండి.

జాబితా రాయండి. ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టారు, ఏ దశలో ఉంది, తర్వాతి తేదీ ఏంటి? నోటుబుక్కులో ఒక పేజీ చాలు. చాలామందికి ఈ పేజీ ఉండదు, అందుకే అన్నింటికీ భయపడాల్సి వస్తుంది.

పోర్టళ్లన్నీ ఒకసారి తెరవండి. మెయిల్‌లో ఇన్‌బాక్స్‌తో పాటు స్పామ్, ప్రమోషన్స్ ఫోల్డర్లు కూడా చూడండి. టెస్ట్ లింకులు అక్కడ ఇరుక్కుపోతుంటాయి. మీరు తిరిగొచ్చే రోజు దాకా ఏ గడువూ ముగియడం లేదని నిర్ధారించుకోండి. ముగిసేది ఉంటే ఆ పని ఇవాళే పూర్తిచేయండి.

ఆటో రిప్లై పెట్టండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘వెకేషన్ రెస్పాండర్’ ఉంటుంది. ‘ఫలానా తేదీ సాయంత్రం 6 గంటల వరకు ప్రయాణంలో ఉంటాను, మెయిల్ అందుబాటులో ఉండదు. తిరిగి రాగానే జవాబిస్తాను. అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చేయగలరు’ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు రాయండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరితో వెళ్తున్నారో అందులో అక్కర్లేదు.

ప్రాసెస్ నడుస్తుంటే ముందే చెప్పండి. రిక్రూటర్‌తో ఇప్పటికే మాట్లాడుతున్నట్లయితే, ‘శని, ఆదివారాలు నెట్‌వర్క్ లేని ప్రాంతంలో ఉంటాను, సోమవారం ఉదయం నుంచి అందుబాటులో ఉంటాను’ అని ఒక మెయిల్ పంపండి. ఇందులో తప్పేం లేదు. చెప్పకుండా రెండు రోజులు స్విచాఫ్‌లో ఉండటం కంటే ఇదే మర్యాద.

ఒక మనిషిని పెట్టుకోండి. ఇంట్లో అన్నో, అక్కో, లేదంటే ట్రిప్పుకు రాని క్లాస్‌మేటో. ప్లేస్‌మెంట్ గ్రూపులో మీ బ్యాచ్‌కు సంబంధించిన కబురేదైనా వస్తే మీ తరఫున ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి చెప్పమనండి. మీ ఫోన్ అందనప్పుడు కాల్స్ ఆ నంబరుకు వెళ్లేలా కాల్ సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలు ఉందేమో చూడండి. ఉంటే ముందురోజే ఒకసారి పరీక్షించి చూడండి, తిరిగి రాగానే తీసేయండి. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎంత దగ్గరివాళ్లకైనా ఇవ్వొద్దు. ఎవరో ఫోన్ చేసి ‘ఈ కోడ్ డయల్ చెయ్’ అంటే అస్సలు చేయొద్దు. కాల్స్ మళ్లించి ఓటీపీలు కొట్టేసే మోసం అది.

కాగితం, నగదు పెట్టుకోండి. నెట్ లేని చోట స్కాన్ చేసి చెల్లించడం కుదరకపోవచ్చు. టికెట్ ప్రింటు, బస చేసే చోటు చిరునామా, నాలుగు ముఖ్యమైన నంబర్లు కాగితం మీద ఉండాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంటి నంబరు నోటికి వస్తుందా? ఒకసారి చూడకుండా చెప్పి చూడండి.

మాయమవడం వేరు, ఆపడం వేరు

‘ఫొటోలు తీసుకోవద్దా మరి?’ అంటారేమో. ఏరోప్లేన్ మోడ్‌లో కెమెరా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. స్టేటస్ పెట్టడం రెండు రోజులు ఆగితే సరి.

ఇంట్లోవాళ్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చదువు కోసం ఊరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్లకి అమ్మానాన్నల నుంచి రోజూ ఫోన్ వస్తుంది. ఒక పూట ఎత్తకపోతే వాళ్లు హాస్టల్ వార్డెన్‌కి, తర్వాత మీ స్నేహితులందరికీ చేస్తారు. ఎక్కడికి, ఏ బోటులో, ఎవరెవరు, ఎన్ని గంటలకు ఎక్కుతున్నారు, ఎన్ని గంటలకు దిగుతారు, ఎక్కడ ఉంటారు అన్నీ ముందే చెప్పండి. ‘దిగగానే ఫోన్ చేస్తా’ అన్న మాట నిలబెట్టుకోండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. హైదరాబాద్, వరంగల్ వాళ్లూ వారిలో ఉన్నారు. నీళ్ల మీదికి వెళ్లేటప్పుడు ఎవరెక్కడున్నారో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. లైఫ్ జాకెట్ కట్టుకున్నాకే సెల్ఫీ. అత్యవసర నంబరు 112 గుర్తుంచుకోండి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, అక్కడ వేరే నెట్‌వర్క్ ఉంటే ఆ కాల్ దాని ద్వారా వెళ్లే అవకాశం ఉంటుంది.

సముద్రం మీదైతే

ఇంట్లోవాళ్లతో కలిసి క్రూయిజ్‌కు వెళ్లే అవకాశం వస్తే ఒక విషయం తప్పక తెలియాలి. తీరం దాటి లోపలికి వెళ్లాక మన టవర్లు అందవు. అప్పుడు మీ ఫోన్ ఓడలోని ఉపగ్రహ మొబైల్ నెట్‌వర్క్‌కి అతుక్కునే వీలుంది. దాని చార్జీలు మామూలు రోమింగ్ కంటే చాలా ఎక్కువ. సాధారణ ఇంటర్నేషనల్ ప్యాకులు దానికి వర్తించకపోవచ్చు. మీరు ఏమీ చేయకపోయినా వెనకాల యాప్‌లు డేటా లాగుతుంటాయి. ఓడెక్కగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. నెట్ కావాలంటే ఏరోప్లేన్ మోడ్ అలాగే ఉంచి ఓడ వైఫై మాత్రం ఆన్ చేసుకోండి.

ప్యాకేజీ కొనాలా? పైన చెప్పిన జాబితా చూసుకోండి. రెండో కుప్పలో ఏదైనా నడుస్తుంటే ఒక్కరోజు ప్యాకేజీ దొరుకుతుందేమో అడగండి. ఏమీ నడవకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఓడే ఆఫీసైతే

హోటల్ మేనేజ్‌మెంట్ చదివి క్రూయిజ్ ఓడల్లో కొలువు కోసం చూస్తున్నవాళ్లూ మీలో ఉంటారు. వాళ్లకి ఈ ప్రశ్న తిరగబడి ఎదురవుతుంది. నెలల తరబడి సముద్రం మీద ఉండాల్సినవాళ్లకి ఇంటితో మాట్లాడటం విలాసం కాదు, అవసరం. అందుకే సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందానికి 2022లో చేసిన సవరణల్లో ఇంటర్నెట్ మాట చేర్చారు. సిబ్బందికి వీలైనంతవరకు ఇంటర్నెట్ ఇవ్వాలి, చార్జీ వసూలు చేస్తే అది సహేతుకంగా ఉండాలి. ఈ సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. మాతృ ఒప్పందాన్ని భారత్ 2015లోనే ఆమోదించింది. ఇంటర్వ్యూలో ‘సిబ్బందికి నెట్ ఎలా ఇస్తారు, ఎంత తీసుకుంటారు?’ అని అడగడానికి మొహమాటపడొద్దు. ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో చూడకుండా రూపాయి కూడా కట్టొద్దు.

తిరిగొచ్చాక

నెట్ ఆన్ చేయగానే నోటిఫికేషన్లు పోటెత్తుతాయి. చేయి గ్రూపుల మీదికే పోతుంది. ఆగండి. ముందు ఇంటికి ఫోన్. తర్వాత మిస్డ్ కాల్స్, అందులో తెలియని నంబర్లు. తర్వాత మెయిల్, స్పామ్. ఆ తర్వాత మీ జాబితాలోని అధికారిక వెబ్‌సైట్లు. జవాబివ్వాల్సినవాటికి అప్పుడే జవాబివ్వండి. ఆటో రిప్లై, కాల్ ఫార్వర్డింగ్ తీసేయండి. ఇదంతా అయ్యాకే గ్రూపులు.

ఆ గ్రూపుల్లో వందల మెసేజ్‌లు పేరుకుని ఉంటాయి. పైనుంచి కిందికి ఒకసారి జరపండి. మీరు లేని ఆ రెండు రోజుల్లో మీ ఉద్యోగానికి నిజంగా సంబంధించినవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, నోటుబుక్కులో అదే పేజీ కింద రాసుకోండి. వచ్చే వారం గదిలో చదువుకునేటప్పుడు ఫోన్ పక్కనే ఉండాలా, అవతలి గదిలో ఉండాలా అన్నది ఆ అంకె చూసి నిర్ణయించుకోవచ్చు.